ఏదో ఒక పరీక్ష

“ఒక పరీక్ష పోతే ఇంకోటి వస్తది. సార్ మల్ల మల్ల మనింటికొస్తడా?” అన్నాడు మా ఆయన భిక్షపతి, మాంసం సంచి నా ముందు పెడుతూ.

నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఆయన పై అధికారి హుజూర్‌నగర్ నుంచి సూర్యాపేట వస్తున్నాడట, మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనమట. అదే మధ్యాహ్నం మిర్యాలగూడలో నా ఇంటర్ ఇంగ్లిష్ పరీక్ష. తొంభై రెండు మార్చి. అప్పటికే రెండుసార్లు తప్పాను. పాత సిలబస్‌కు అదే ఆఖరి అవకాశం. పోతే అన్ని పేపర్లూ మొదటినుంచి రాయాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇంగ్లిష్‌లో నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టినవి మూడు చిన్న మాటలు: ఎ, యాన్, ద. తెలుగులో వాటితో పని లేదు కాబట్టి రాసేటప్పుడు నా చెయ్యి వాటిని దాటుకుని వెళ్లిపోయేది. పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి వచ్చి టీచరైన గౌరీబాయి పక్కింట్లో కిరాయికుండేది. చలికాలమంతా ఆమే నాకు చెప్పింది.

“అక్కా, ఎవలో ఏందో ఎరుక లేకుంటే ‘ఎ’ పెట్టు. ఫలానా అని ఇద్దరికీ ఎరుకైతే ‘ద’. గంతే.”

గిన్నెలు తోముతూ ఇంట్లో వాళ్ల మాటలకు వాటిని తగిలించి చూసుకునేదాన్ని. మా అత్త సత్తెమ్మ చుట్టాలతో “మా కోడలి చేతి పులుసు తిని సూడుర్రి” అంటుంది. అక్కడ నాకు ‘ద’. ఆ పులుసు ఇంకెవరూ పెట్టలేరు, ఆ బట్టలు ఇంకెవరూ పిండలేరు, ఆ కాళ్లు ఇంకెవరూ పిసకలేరు. అదే ఆయన స్నేహితులు నా గురించి అడిగితే, “ఏదో సదువుతది, టైంపాస్” అంటాడాయన. అక్కడ నాకు ‘ఎ’. పొయ్యి దగ్గర ఫలానా మనిషిని. పుస్తకం పట్టుకుంటే ఏదో. ఈ ఆలోచన పట్టుకున్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటో నడవాలని.

మసాలా నూరి కూర పొయ్యి మీదికెక్కించాను. హాల్‌టికెట్ తీసుకున్నాను.

“అత్తమ్మా, కూర ఉడుకుతున్నది. ఉప్పు జూసి దించుర్రి.”

“యాడికే?”

“పరీక్షకు.”

“మతి గిట్ల పోయిందా నీకు?” అన్న కేక వెనక నుంచి వినిపిస్తూనే ఉంది. బస్టాండ్ దాకా ఆగకుండా నడిచాను. బస్సులో కూర్చున్నాక చూసుకుంటే చేతులు ఇంకా అల్లం వాసన వేస్తున్నాయి.

జూన్‌లో ఫలితాలొచ్చాయి, పాసయ్యాను. కానీ నాకు ఎక్కువ గుర్తున్నది ఆ సాయంత్రమే. ఇల్లు చేరేసరికి సార్ తిని వెళ్లిపోయాడు. ఎంగిలి పళ్లాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అత్త గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన గడపలో నిలబడ్డాడు.

“ఇజ్జత్ తీసినవ్ గదనే. ఇగ రాత్రికి బువ్వ ఎవలు వండుతరు?”

నేను చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కున్నాను.

“ఎవలో ఒకలు వండుర్రి,” అన్నాను.