ఆముదాల నడుమ అడవి

బక్కయ్య వంగి బాటను పరికించి చూస్తున్నాడు. అడవిముక్క చుట్టూ ఉన్న ఆ బాటను నిన్న పొద్దుగూకేముందు తంగేడుకొమ్మతో ఊడ్చిపోయాడు. మట్టి మీద మనిషి అడుగు లేదు, కుందేలు అడుగూ లేదు. దొంగ కూడా కొమ్మతో చెరుపుకుంటూ పోతున్నాడేమో అనుకున్నాడు. కావలివాడి బుర్ర మరి! దొంగ లేడంటే ఒప్పుకోదు.

గుట్ట కింది అడవినంతా కొట్టించి ఆముదం వేయించిన దొర, షికారు కోసం నడుమ ఈ ముక్కను మిగిల్చాడు. ముందు దుప్పులు కనబడకుండా పోయాయి, తర్వాత నెమళ్లు, ఇప్పుడు కుందేళ్లూ.

“తిన్నది నువ్వే. ఎల్లుండి తాలూక్దారు సాబు షికారుకొస్తుండు. కుందేలు లేవకపోతే నీ గుడిసె పీకిస్త” అని దొర నిన్ననే అన్నాడు.

గొర్రెలు కాసే బీరన్న ఎదురైతే బక్కయ్య అతని గొంగడి దులిపించాడు. రొట్టెముక్క రాలింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు బీరన్న, నవ్వాడు.

“బక్కన్నా, అప్పట్ల కృష్ణ ఒడ్డు దాంక ఒకటే అడివి. ఈడ ఒకటి సచ్చినా ఆడికెళ్లి ఇంకోటొచ్చేది. గిప్పుడు సుట్టూ ఆముదం సేన్లే. గీ గోసిపేలికంత జాగల ఉన్నయి సచ్చిపోతే, కొత్తయి యాడికెళ్లొస్తయి?”

ఇంత విడమరిచి చెప్పాడంటే వీడికేదో తెలుసు అనుకుంటూ బక్కయ్య ఇంటిదారి పట్టాడు.

గుడిసె దగ్గరికొచ్చేసరికి అల్లం, ఎల్లిగడ్డ నూరిన వాసన. ఆ ఇంట్లో మసాలా నూరారంటే మాంసమే. భార్య సాలమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

“కుందేలు ఎవడిచ్చిండే? బీరన్ననా?”

ఆమె పొయ్యిలోని పుల్ల ఎగదోసింది. అతనే గరిటె లాక్కుని కలిపాడు. వంకాయలు.

“ఫికర్ల పడి నోటికి బువ్వ పోతలేదంటివి. జర రుచుంటే తింటవని నూరిన” అంది సాలమ్మ. “దొర నిన్ను దొంగన్నడు. నువ్వు నన్నంటివి. నేనెవల్ని అనాలె?”

బక్కయ్యకు సిగ్గేసింది. తప్పయిందనడానికి నోరు రాక మళ్లీ అడవికి పోయాడు. పొదపొదా కొట్టి చూశాడు. ఈ కొసన నిలబడితే ఆ కొసన ఆముదాలు కనబడుతున్నాయి. రోజూ చూస్తున్నదే గానీ, ముక్క ఇంత చిన్నదని ఇవాళే తెలిసింది. దొంగ లేడు. ఎన్నడూ లేడు. ముందు సాలమ్మతో ఆ మాట చెప్పి బతిమాలుకోవాలని గబగబా వచ్చాడు.

గుడిసెలో ఆమె లేదు. దండెం మీద చీరల్లేవు. గొర్రెలను మళ్లేస్తూ బీరన్న దూరం నుంచే కేకేశాడు:

“మూట నెత్తిన వెట్టుకొని మర్రిగూడకు, తల్లిగారింటికి పోయింది. మల్ల రానన్నది.”

పొయ్యి పక్కన, ఈగలు వాలకుండా చేట కప్పిన పళ్లెంలో, అతని వంతు జొన్న గట్క, వంకాయ కూర ఉన్నాయి.