మూతపడని కర్మాగారం

"ఈ పాత ఇనుమంతా తుక్కుకి పోయేదే. కావాలన్నవాళ్ళు పట్టుకుపోండి" అన్నాడు మూతపడుతున్న వాచీల కర్మాగారం డైరెక్టర్ బ్రాంట్.

బ్యాటరీ వాచీలు వచ్చిపడ్డాక వాచీలకు పేరుపడ్డ జూరా కొండల్లో చాలా కర్మాగారాలకు ఇదే గతి పట్టింది. కానీ మార్త్ కలామ్‌కు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె వాచీల్లో వెంట్రుకంత స్ప్రింగు బిగించే పనిలో ఉంది. ఆ వాచీల లోపలి యంత్రం పుట్టేది ఈ కర్మాగారంలోనే. ఇది పోతే ఇక దానికి పుట్టుకే లేదు.

"మాట మీదే ఉంటారా?" అంది.

"తీసుకెళ్ళమ్మా, ఇంట్లో పెట్టుకుని ఆడుకో!"

సాయంత్రానికి కర్మాగారం ముందు గడ్డి బండ్లు బారులు తీరాయి. కర్మాగారం రాకముందు ఈ ఊళ్ళో తాతముత్తాతలు చలికాలమంతా ఇంటికొక భాగం చొప్పున వాచీలు చేసినవాళ్ళే. మళ్ళీ అలాగే చేద్దామంది మార్త్. కర్మాగారంలోని మరయంత్రాలు ఇళ్ళకు చేరాయి.

తీరా భాగాలన్నీ కూర్చబోతే ఒక్కటీ ఇమడలేదు.

"నా చక్రాలు భేషుగ్గా ఉన్నాయి. నీకే చత్వారం వచ్చింది" అన్నాడు ముసలి యూలిస్.

మార్త్ కోపంగా అతనింటికి వెళ్ళింది. పనిబల్ల పక్కనే పశువుల కొట్టం. గోడ వెచ్చగా చెమర్చి ఉంది. తన ఇంట్లోనేమో వేళ్ళు కొంకర్లు పోయే చలి. కర్మాగారంలో అందరికీ ఒకే వేడి ఉండేది. ఇక్కడ ఇంటికో తీరుగా లోహం సాగుతోంది, ముడుచుకుంటోంది.

"బాబాయ్, నీ ఆవులే మన కొంప ముంచాయి!"

"నా ఆవుల్ని ఏమైనా అన్నావో, చూడు మరి!"

చలికాలమైనా వేసవైనా వేడి మారని చోటు ఊళ్ళో ఒక్కటే ఉంది, చీజ్ మాగబెట్టే నేలమాళిగ. ఆనాటి నుంచి భాగాలన్నీ అక్కడికే చేరాయి. గుండ్రటి చీజ్ దిమ్మల పక్కన కాసేపు ఉంచి, అక్కడే కొలిచి, అక్కడే అరగదీశారు. వాసన మాత్రం ఎవరినీ వదల్లేదు.

మంచు కరిగేనాటికి యంత్రం టిక్కుటిక్కుమంది. వాచీలు సమయం ఎంత కచ్చితంగా చూపిస్తాయో తేల్చడానికి వేధశాలలో జరిపే పరీక్షలో మొదటి స్థానం దానిదే. యూలిస్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మార్త్ గర్వంతో పొంగిపోయింది.

జెనీవా నుంచి వాచీల వర్తకుడొకాయన పరుగున వచ్చాడు. "ఎన్ని చేస్తే అన్నీ మాకే ఇవ్వండి. యంత్రం మీద ఏ కర్మాగారం పేరు చెక్కమంటారు?"

నేలమాళిగలో పనిచేస్తున్న వాళ్ళకిప్పుడు కర్మాగారమంటూ లేదు. ఆ సంగతే ఎవరికీ తట్టలేదు.

"మా ఊరి పేరు చెక్కండి" అంది మార్త్. "దీన్నెవడు మూసేస్తాడో మేమూ చూస్తాం."