‘ఆ’ అంటే బిగించినట్టేనా?

స్పానర్ అతని చొక్కా జేబులో దొరికింది.

చేతులు కడుక్కుందామని పెరట్లో కుళాయి తిప్పి వంగాడు. జేబులోంచి జారి సిమెంటు గట్టు మీద టంగుమని పడింది. చిన్న రింగు స్పానర్. ఒక పక్క రంపంతో కోసి నోరు తెరిచినది. తండ్రి కోసిన గాటు అది. బ్రేకు పైపు నట్లకి పట్టే స్పానర్ ఇంట్లో అదొక్కటే. మామూలు స్పానర్ పెడితే ఆ మెత్తటి నట్ల మూలలు అరిగిపోయి ఎందుకూ పనికిరావు.

అతను దాన్ని తీసి ప్యాంటుకి తుడిచాడు. పెట్టెలో పెట్టబోయి ఆగిపోయాడు.

పొద్దున వెనక చక్రాల దగ్గర నట్లు బిగించి దీన్ని జేబులో వేసుకున్నాడు. మళ్ళీ బయటికి తియ్యలేదు. మరి ఇంజను పక్కనున్న నట్టు చెల్లెలు దేంతో బిగించింది?

షెడ్డు గోడ మీద గడియారం మూడూ అయిదు చూపిస్తోంది. కారు వెళ్ళి పావుగంటయింది. స్టీరింగు ముందు చెల్లెలు. పక్క సీట్లో అమ్మ.

అది పాతకాలం కారు. కాలితో తొక్కిన ఒత్తిడి నాలుగు చక్రాలకీ వెళ్ళేది ఆ ఒక్క నట్టు గుండానే. అది వదిలితే ముందు బ్రేకులూ ఉండవు, వెనక బ్రేకులూ ఉండవు.

ఆ కారు తండ్రిది. ఆయన పోయాక పదకొండేళ్ళు పెరట్లో ఒక మూల తుప్పు పట్టింది. ఆయన ఆదివారాలన్నీ దాని కిందే గడిపేవాడు కాబట్టి అమ్మ దాన్ని ‘నా సవతి’ అనేది. పిల్లల దగ్గర ‘మీ పిన్ని’ అనేది. అమ్ముదామని ఎవరన్నా అంటే మాత్రం, తిట్టడానికి ఒకరు ఉండాలి కదా అని ఒప్పుకునేది కాదు.

మూడు నెలల కిందట నోటీసొచ్చింది. కదలని పాత బండ్లన్నీ తుక్కు కింద తీసుకుపోతారు. వద్దనుకుంటే గడువు తేదీన సాయంత్రం నాలుగు లోపల బండి తన చక్రాల మీద తను నడిచి తనిఖీ యార్డుకి రావాలి. ఆ తేదీ ఈ రోజే.

అన్నాచెల్లెళ్ళు మూడు నెలలు దాని మీదే పడ్డారు. అతను లేత్ మెషిన్ మీద పనిచేసే టర్నర్. ఆమె అంబులెన్సు డ్రైవరు. విడిభాగాలు ఎక్కడా దొరకవు. కాళ్ళ కింద నేల తుప్పుకి చిల్లులు పడితే పాత ఫ్రిజ్ తలుపు రేకు కోసి రివెట్లు కొట్టారు. పెట్రోలు పంపులో చిరిగిన పొరకి బదులు రెయిన్‌కోటు ముక్క గుండ్రంగా కత్తిరించి పెట్టారు. ట్యాంకు కారుతుంటే చిల్లుకి బట్టల సబ్బు మెత్తి, పైన రేకు అతికించారు. "చీరల సబ్బు కూడా దానికేనా? ఇంకేం మిగిల్చారు నాకు?" అంది అమ్మ. సైలెన్సరు చుట్టూ నూనె డబ్బా రేకు చుట్టి తీగతో బిగించారు. అందుకే బండి స్టార్టు చేస్తే వీధంతా అదిరిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ కేబులు తుప్పుకి ముక్కలైపోతే రెండు స్కూటర్ క్లచ్ కేబుళ్ళు జోడించి కట్టారు.

కాలి బ్రేకుల దగ్గర మాత్రం అతుకుల్లేవు. కొత్త పైపులు, కొత్త నట్లు. ఎందుకంటే తండ్రి అక్కడ అతుకు ఒప్పుకునేవాడు కాదు.

ఆయనకి ఇంకో పట్టుదల ఉండేది. బండి కిందనుంచి "బిగించావా?" అని అరిస్తే "ఆ" అని జవాబిచ్చినవాళ్ళ వీపు మీద చేతిలో ఉన్న గుడ్డతో ఒకటి వేసేవాడు. "ఆ అంటే అవుననా, ఏంటనా? నోట్లో ముక్క పూర్తిగా రానీ. బిగించాను అను."

ఇవాళ పొద్దున టర్నర్ వెనక చక్రం పక్కన పడుకుని అదే ప్రశ్న అరిచాడు. వంటింట్లో అమ్మ మిక్సీ వేసి ఉంది. ఇంజను పక్కనుంచి చెల్లెలు "ఆఁ" అంది. అతను తర్వాతి పనిలోకి వెళ్ళిపోయాడు. తర్వాత ఇద్దరూ కలిసి పైపుల్లో గాలి తీశారు. పెడలు గట్టిగానే తగిలింది. వేళ్ళతో తిప్పినంత బిగువుకి బ్రేకు నూనె కాసేపు ఆగుతుంది. ఒక్కో తొక్కుడికీ కొంచెం కొంచెం చెమరుస్తుంది. ఎన్ని తొక్కుళ్ళు ఆగుతుంది? పదా? ఇరవయ్యా?

వీధి చివర స్పీడ్‌బ్రేకర్లు మూడు. సిగ్నళ్ళు రెండు. అక్కడినుంచి నీళ్ళ ట్యాంకు దాకా ఎత్తు. ట్యాంకు దాటాక అర కిలోమీటరు నిలువు దిగుడు. కింద బస్సులు ఆగే నాలుగు రోడ్ల కూడలి.

చెల్లెలికి ఫోను చేశాడు. మోగుతూనే ఉంది. ఎత్తదు. స్టీరింగు ముందు కూర్చుంటే ఆమె ఫోను ముట్టదు. ఉద్యోగం నేర్పిన అలవాటు.

అమ్మకి చేశాడు. ఒకటి. రెండు. మూడు. అయిదో మోతకి ఎత్తింది.

"ఒరేయ్, మీ పిన్ని భలే నడుస్తోందిరా! అందరూ తిరిగి తిరిగి చూస్తున్నారు!"

"అమ్మా, బండి ఆపమను. ఇప్పుడే ఆపమను."

"ఆఁ."

వెనక సైలెన్సరు మోత. అతను గొంతు పెంచాడు. "బ్రేకు నట్టు బిగించలేదమ్మా! ఆపమని చెప్పు!"

"ఆఁ, ఆఁ. ఇదిగో, ట్యాంకు దగ్గరికొచ్చేశాం."

ఆ అంటే అవుననా, ఏంటనా?

"అమ్మా, ఆ అనకు! నేనన్నది తిరిగి చెప్పు!"

"చెప్పకపోతే గోడకుర్చీ వేయిస్తావా? పెద్ద మాస్టారొచ్చాడు."

"దణ్ణం పెడతాను, చెప్పు. బ్రేకు!"

"బ్రేకు."

"నట్టు!"

"నట్టు. నాకేం చెవుడు లేదు."

"బిగించలేదు!"

"బిగిం..." అమ్మ మాట మధ్యలో ఆగింది. తర్వాత ఫోను దూరంగా జరిగినట్టు వినిపించింది. "ఏమే, బ్రేకు నట్టు బిగించలేదంటున్నాడే!"

"ఏ నట్టు?" అని చెల్లెలి గొంతు. తర్వాత అదే గొంతు, చాలా నెమ్మదిగా: "అమ్మా, ఫోను స్పీకర్లో పెట్టు."

"ఏది నొక్కాలే?"

"లౌడ్‌స్పీకరు బొమ్మ."

"ఇందులో అన్నీ బొమ్మలే!"

"కుడి చివరది. అదే. అన్నయ్యా, పెడలు నేలకంటింది. రెండోసారి తొక్కినా అంతే. దిగుడు మొదలైంది."

రోగి ఊపిరి ఆగిపోతున్నప్పుడు రేడియోలో మాట్లాడే గొంతు అది. అతనికి ఆ గొంతు వింటేనే భయం.

"ఏ గేరు?"

"మూడు."

"రెండులోకి దించు. క్లచ్ మెల్లగా వదులు."

గేరు పళ్ళు రాసుకున్న చప్పుడు. ఇంజను కేక పెట్టింది. మోత మూడింతలైంది.

"పడింది. వేగం తగ్గింది గానీ ఆగదు. హ్యాండ్‌బ్రేక్ ఎంత లాగొచ్చు?"

అతను కళ్ళు మూసుకున్నాడు. తన చేత్తో కట్టిన కేబుళ్ళు. స్కూటర్ క్లచ్ లాగడానికి పుట్టినవి, టన్ను బరువు ఆపడానికి కాదు.

"ఒక్కసారిగా లాగితే తెగిపోతాయి. కొంచెం లాగి వదులు. మళ్ళీ కొంచెం లాగు."

"ముందు బస్సు ఆగి ఉందే!" అమ్మ అరుపు.

"చూశాను. అమ్మా, కాళ్ళు ముందుకి తన్నిపెట్టి వెనక్కి ఆనుకో."

హారన్ మోగింది. లారీ హారన్. పొద్దున ఇంజను పక్కన చెల్లెలు గంటసేపు కూర్చుని వైర్లు కలిపింది దానికే. చెవులు చిల్లులు పడేలా, ఆపకుండా మోగింది. ఎవరో తిట్టారు. ఆ తిట్టు పక్కనుంచి వెనక్కి పోయింది.

"బస్సు కదిలింది. సందు దొరికింది, దాటాను."

ఠప్.

"ఏంటది?" అన్నాడు.

"లివరు సగం వదులైంది. ఒక కేబులు పోయింది."

"ఇంకోటి పట్టుకునుంది. గట్టిగా లాగకు. అదీ పోతే ఇంకేం లేదు. ఎడమవైపు ఏముంది?"

"గోడ. ఇంకా గోడే. కూడలి కనిపిస్తోంది. సిగ్నల్ ఎర్రగా ఉంది." ఊపిరి. "ఆ చివర ఇల్లేదో కడుతున్నారు. ఇసక పోసి ఉంది."

"మనుషులున్నారా?"

"తట్టలు పట్టుకుని ఇద్దరు."

"హారన్ వదలకు. వాళ్ళు తప్పుకున్నాక ఒకటో గేరు. తర్వాత మెల్లగా లాగు. తర్వాత ఇసక."

"ఒకటి పడదు అన్నయ్యా, ఈ వేగానికి."

"క్లచ్ తొక్కి ఇంజను ఒకసారి రేజ్ చెయ్. అప్పుడు పడుతుంది."

హారన్. ఇంజను ఉరుము. లోహం లోహాన్ని కొరికింది. "తప్పుకోండి!" అని అమ్మ గొంతు, ఆ గొంతు అంత పెద్దదని అతనికి ఇన్నేళ్ళూ తెలీదు. తర్వాత ధబ్బుమని ఒక బరువైన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. సైలెన్సరు మోత కూడా ఆగిపోయింది.

"అమ్మా."

"అమ్మా! చెల్లీ!"

ఏదో గరగరమంది. "ఒరేయ్," అంది అమ్మ. "నా కళ్ళజోడు పడిపోయింది. సీటు కిందకి చెయ్యి పోవట్లేదు."

అతను కుళాయి గట్టు మీద కూలబడ్డాడు. పక్కనే కుళాయి ఇంకా కారుతోంది. అది కట్టాలని కూడా తోచలేదు.

స్కూటర్ మీద చేరేసరికి మూడూ ఇరవై అయిదు. కారు ముక్కు ఇసకలో మోకాలి లోతున దిగబడి ఉంది. అమ్మ ఇటుకల మీద కూర్చుని మేస్త్రీ ఇచ్చిన మంచినీళ్ళు తాగుతోంది. చెల్లెలు బానెట్ ఎత్తి నిలబడింది.

టర్నర్ ఆ నట్టుని వేళ్ళతో పట్టుకున్నాడు. సీసా మూత తిరిగినంత తేలిగ్గా తిరిగింది. పొద్దున నూనె చిందకుండా దాని కింద ఇరికించి మరిచిపోయిన గుడ్డ తడిసి ముద్దైపోయి ఉంది. ఆ గుడ్డే లేకపోతే బయల్దేరేముందే నేల మీద చుక్కలు కనిపించేవి.

"నువ్వు బిగించావనుకున్నాను," అంది చెల్లెలు.

"అడిగితే ఆ అన్నావుగా."

"ఏంటని ఆఁ అన్నాను! వినపడక. స్పానర్ నీ దగ్గరే ఉంది, నువ్వే బిగించెయ్ అని కూడా అరిచాను."

"నాకు వినపళ్ళేదు."

"చెప్పండి, మిక్సీ వేసింది నేనే, తప్పు నాదేనని చెప్పండి," అంది అమ్మ ఇటుకల మీద నుంచి. తర్వాత గొంతు తగ్గించింది. "మీ నాన్న ఉంటే ఇద్దరికీ గుడ్డ దెబ్బలు పడేవి."

టర్నర్ కోసిన స్పానర్‌తో నట్టు బిగించాడు. స్పానర్‌ని చెల్లెలి చేతికిచ్చాడు. "నువ్వు కూడా చూడు." ఆమె లాగి చూసింది.

"బిగిసింది," అంది. పూర్తిగా.

మేస్త్రీ, తట్టలవాళ్ళు కలిసి కారుని ఇసకలోంచి వెనక్కి నెట్టారు. అన్నాచెల్లెళ్ళు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, టర్నర్ తెచ్చిన సీసాలోని బ్రేకు నూనె పోసి పైపుల్లో గాలి తియ్యడం మొదలుపెట్టారు. ఆమె పెడలు దగ్గర, అతను చక్రం దగ్గర.

"తొక్కు."

"తొక్కాను."

"పట్టుకో."

"పట్టుకున్నాను."

"వదులు."

"వదిలాను."

నాలుగు చక్రాలకీ అదే పాట. దారిన పోయేవాళ్ళు ఆగి విన్నారు. ఆఖరికి పెడలు రాయిలా నిలిచింది. ఆమె నిమిషం పాటు దాని మీద బరువంతా వేసి నిలబడితే అతను నట్టు కింద తెల్ల కాగితం పట్టుకున్నాడు. ఒక్క చుక్క పడలేదు.

మూడూ నలభై ఏడు. యార్డు కూడలికి అవతల, చదును రోడ్డు మీద. అమ్మని ఆటో ఎక్కించబోతే కారు తలుపు తీసుకుని కూర్చుంది. "దీన్తో ఇంతదూరం వచ్చాను. మిగతాది కూడా దీన్తోనే. నువ్వు స్కూటర్ మీద మెల్లగా రా."

గేటు మూసేవాడు గొలుసు చేత్తో పట్టుకుని ఉండగా కారు లోపలికి వెళ్ళింది. మూడూ యాభై ఆరు.

తనిఖీ అధికారి సన్నటి మనిషి. బంపరు మీద ఇసక చూశాడు. సైలెన్సరు చూశాడు. "సముద్రంలోంచి తీసుకొచ్చారా?" అన్నాడు. కాలి బ్రేకు పరీక్షించాడు. నాలుగు చక్రాలూ పట్టాయి. కాగితం మీద టిక్కు పెట్టి తలెత్తాడు.

"హ్యాండ్‌బ్రేక్?"

చెల్లెలు అన్న చెయ్యి గిల్లింది. సగం పట్టే లివరు ఈ చదును నేల మీద పట్టినట్టే ఉంటుంది. ‘ఆ’ అంటే చాలు. మూడు నెలల కష్టం, పదకొండేళ్ళ తుప్పు, తండ్రి ఆదివారాలు అన్నీ గట్టెక్కుతాయి.

"పనిచెయ్యదండీ," అన్నాడు టర్నర్. "ఒక కేబులు ఇందాకే తెగింది. రెండోది కూడా స్కూటర్ది. నేనే కట్టాను."

అధికారి పెన్ను ఆగింది. చెల్లెలు నేల చూసింది. అమ్మ కారులోంచి అందరి మొహాలూ చూస్తోంది.

"కేబులు తెగితే ఇక్కడిదాకా ఎలా వచ్చారు?"

"మా చెల్లెలు ఇసకలో ఆపింది. నేను బాగుచేశాను. మళ్ళీ ఇది నడిపింది."

ఆయన చెల్లెలి చొక్కా జేబు మీదున్న అంబులెన్సు గుర్తు చూశాడు. గడియారం చూశాడు. కాగితం వెనక్కి తిప్పి ఏదో రాశాడు.

"గడువు లోపల తన చక్రాల మీద వచ్చింది. కాబట్టి తుక్కు ఆర్డరు ఆపుతున్నాను. పాసు మాత్రం చెయ్యను. పదిహేను రోజుల్లో అసలైన కేబులు వేయించి తీసుకురండి. అప్పటిదాకా రోడ్డెక్కించకూడదు. ఇంటికి కూడా లాగించుకునే వెళ్ళాలి. అర్థమైందా?"

"ఆఁ," అన్నాడు టర్నర్.

కారు కిటికీలోంచి కళ్ళజోడు లేని మొహం ఒకటి బయటికొచ్చింది.

"అర్థమైందని పూర్తిగా చెప్పరా!"