నా టూల్‌కిట్, వాడి కాపీ

నా పిడికిలి బావమరిది ముక్కు మీద దిగింది. వాడి కీబోర్డు మీద నెత్తురు చుక్కలు రాలాయి. ఆఫీసంతా లేచి నిలబడింది.

కొట్టక ఏం చెయ్యను? మా కంపెనీలో కొత్త సర్వీసు, అంటే ఆన్‌లైన్‌లో నడిచే ప్రోగ్రాము, మొదలుపెట్టిన ప్రతిసారీ లాగిన్, జరిగినవన్నీ రాసిపెట్టే లాగ్‌లు, డేటాబేస్ కనెక్షన్ మళ్ళీ మొదటి నుంచి రాసుకోకుండా అందరూ వాడుకునేలా ఆ కోడ్‌నంతా కలిపి నేనొక టూల్‌కిట్ కట్టాను. నేను అందులో ఏది మార్చినా దాన్ని వాడే సర్వీసులన్నీ ఆ మార్పు వాటంతటవే తీసుకుంటాయి. వీడు మాత్రం దాన్ని తన ఫోల్డర్లోకి కాపీ చేసుకుని నా మార్పులు రాకుండా తలుపు మూసేశాడు.

"నా ఇంట్లో తిని నా కోడ్‌కే ఎసరు పెడతావురా?" అని కాలర్ పట్టుకుని గోడకేసి నెట్టాను. వాడు మోకాలితో నా పొట్టలో పొడిచాడు. ఇద్దరం కుర్చీలతో సహా కింద పడ్డాం. పడ్డా నేను వాడి గొంతు వదల్లేదు.

"చంపెయ్ బావా," అన్నాడు గొంతు పెగల్చుకుని. "చంపేముందు ఆ స్క్రీన్ ఒకసారి చూడు."

గోడ మీది స్క్రీన్‌లో సర్వీసులన్నీ ఎర్రగా మండుతున్నాయి. పొద్దున నేను టూల్‌కిట్‌లో చేసిన మార్పు అన్నిటినీ ఒక్క దెబ్బకి పడగొట్టింది. పచ్చగా మిగిలింది ఒక్కటే. అది పాత కాపీ మీద నడుస్తున్న వాడి సర్వీసు.

వాడి గొంతు వదిలేశాను. వాడు లేచి, నెత్తురు ఉమ్మి, నా చెంప ఛెళ్ళుమనిపించాడు.

"మిగతావన్నీ మళ్ళీ లేవాలంటే నీ మార్పు అంటని నా కాపీ కావాలిగా? మర్యాదగా అడుగు."

కింద కూర్చునే, అందరూ చూస్తుండగా, అడిగాను.