చెక్కగది పెద్దమ్మ

పెద్దమ్మ అప్పటికే ఒళ్లంతా రెండోసారి తడుముకుంటోంది. జుట్టుకు కొమ్ముతో చేసిన పిన్ను, బట్టలకు హుక్కుల బదులు గుడ్డ ముడులు, కాళ్లకు మేకు పడని చెప్పులు. తాళంచెవులు బయటి చెట్టుకొమ్మకు తగిలించి, ఇత్తడి గొళ్లెం తీసి, చెక్కగదిలో అడుగు పెట్టింది.

ఆ గదిలో ఇనుమన్నది లేదు. గోడలు చెక్కవి, మేకులు రాగివి, చీపురుకు కట్టింది కూడా నారే. నడుమ రాతిదిమ్మె మీద ఉన్న పరికరం రాత్రీ పగలూ భూమి అయస్కాంత బలాన్ని కొలుస్తూ ఉంటుంది. సూర్యుడి మీద తుపాను రేగితే, బయటి గదిలో తెర మీది గీత వణుకుతుంది. ఎవరైనా జేబులో సూది పెట్టుకుని పరికరం మీదకు వంగినా వణుకుతుంది. సూర్యుడి సంగతి పరిశోధకులు చూసుకుంటారు. సూది సంగతి పెద్దమ్మది.

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి చేత బెల్టు విప్పించింది. లోపల ఉన్నంతసేపూ ఆయన ప్యాంటును రెండు చేతులా పట్టుకుని, ఎంతో గంభీరంగా తలాడించాడు. "తమరి హోదా పరికరానికి తెలీదు సార్" అంది పెద్దమ్మ. తన హయాంలో లోపలికి ఇనుము పోలేదన్నదే ఆమె ఆస్తి. ఆ మాట నిలబెట్టుకుని ఈ సాయంత్రం ఉద్యోగం నుంచి దిగిపోవాలి.

పరికరం మీదకు వంగి, అద్దాన్ని పత్తితో తుడిచి బయటికి వచ్చేసరికి, పరిశోధకురాలు తెర ముందు కూర్చుని పెదవి కొరుకుతోంది. చదువులు ఎన్ని చదివినా పెద్దమ్మకు ఆమె మొదటి రోజు నుంచీ పిల్లే.

"పెద్దమ్మా, గీత ఎగిరింది."

"సూర్యుడేమో పిల్లా."

"నువ్వు తుడిచేటప్పుడే ఎగరాలని సూర్యుడికి ఏం పట్టింది? వారం నుంచీ ఇదే వరస. నువ్వు వంగినప్పుడే."

పెద్దమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అంటే ఇనుము నా దగ్గరే ఉందంటావు."

"నేననట్లేదు, గీత అంటోంది. కారణం తేలకపోతే వారం కొలతలన్నీ అనుమానంలో పెట్టాలి. పక్కన నీ పేరు రాయాలి. ఇవాళ, చూసి చూసి, నాకు చెయ్యి రావట్లేదు."

వెతికారు. బట్టల అంచులు నలిపి చూశారు. పెద్దమ్మ చెప్పులు వదిలి లోపలికి వెళ్లింది, గీత ఎగిరింది. పిన్ను తీసేసి, జుట్టు విరబోసుకుని వెళ్లింది, మళ్లీ ఎగిరింది.

"రక్తంలో ఇనుముంటుందిగా, అదేమో" అంది పరిశోధకురాలు, ఆమెను నవ్వించాలని.

"నాకు అదీ తక్కువేనని మొన్ననే మాత్రలిచ్చాడు డాక్టరు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. పెద్దమ్మ నవ్వు మధ్యలో ఆగిపోయింది. అరచేత్తో గబుక్కున నోరు మూసుకుంది.

పోయిన వారమే పళ్లు కట్టించుకుంది. వీడ్కోలు ఫోటోలో బోసినోరు బాగోదని, మొగుడు పోరు పెట్టి మరీ తీసుకెళ్లాడు. ఆయన జీవితమంతా బట్టలు కుట్టినవాడు. ఎక్కడ చిరుగు కనబడినా ఓర్చుకోలేడు. కట్టుడుపళ్లు జారిపోకుండా, మిగిలిన రెండు అసలు పళ్లనూ పట్టుకునేలా వాటికి సన్నని ఉక్కు తీగ కొక్కేలు పెట్టారు. నఖశిఖపర్యంతం వెతికినవాళ్లు నోట్లోకి మాత్రం చూడలేదు.

"అటు తిరుగు పిల్లా" అంది.

పలువరుస తీసి, చేతిరుమాలులో చుట్టి, గుమ్మానికి బయట, పక్కనున్న కిటికీ గట్టు మీద పెట్టింది. లోపలికి వెళ్లింది. వంగింది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది. బయట గీత గీసినది గీసినట్టే ఉండిపోయింది.

"బతికాం. నీ పేరు రాయనులే, ఉక్కు తీగ అని రాసి ఊరుకుంటా" అంది పరిశోధకురాలు.

పెద్దమ్మ కిటికీ మీది రుమాలు వైపు చూసింది. ఊరుకుంటే ఆస్తి నిలుస్తుంది.

"పెద్దమ్మ పళ్లు అని రాయి" అంది చివరికి. "అందరి బెల్టులూ విప్పించి, నాది దాచుకుంటే ఏం బాగుంటుంది?"

ఆమె చూస్తుండగానే పరిశోధకురాలు అలాగే రాసింది.

సాయంత్రం బయటి గదిలో అందరూ టీకి చేరారు. మాట్లాడమంటే పెద్దమ్మ లేచి నిలబడింది. ప్రతి మాటకూ పెదవుల సందుల్లోంచి గాలి పోతోంది. "నా హయాంలో లోపలికి ఇనుము పోయింది. దొంగను నేనే. పట్టుకున్నదీ నేనే." గదంతా గొల్లున నవ్వింది. ఫోటోలో పడింది ఆ బోసినవ్వే.

"ఆ పళ్ల కోసం నిన్ను ఎంత బతిమాలానే" అన్నాడు టీకి వచ్చిన మొగుడు.

"బతిమాలేటప్పుడు మీరే అందంగా ఉన్నారు. పదండి ఇంక."

మెత్తగా ఏం వండుకోవాలా అని వాదించుకుంటూ ఇద్దరూ గేటు దాటారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. పరిశోధకురాలు దీపం ఆర్పి, చెక్కగదికి ఇత్తడి గొళ్లెం వేసి, తనూ వెళ్లిపోయింది.

కిటికీ గట్టు మీద గాలికి చేతిరుమాలు విచ్చుకుంది. మూసిన తలుపు వైపు తిరిగి, పలువరుస ఒక్కటే నవ్వుతూ ఉంది.