రెండో రాడ్డు

గోతిలో మనిషి ఉండగానే నీళ్లు వదిలారు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. గట్టున మట్టి తట్టతో నిలబడి వదిన కళ్లారా చూసింది. వాన కుండపోతగా కురుస్తోంది. పగిలిన పెద్ద పైపుకి ఆమె భర్త ఇనుప పట్టీ చుట్టి బోల్టు బిగిస్తున్నాడు. పైపు వణికింది, పట్టీ ఊడి ఎగిరిపడింది, గట్టు విరిగి గోతిలోకి జారింది. అతన్ని పైకి తీసేసరికి ఇక చేయడానికేమీ మిగల్లేదు.

పైపుల పనివాళ్లందరికీ అతను అన్న. కాబట్టి ఆమె అందరికీ వదిన.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ముందు వీధి చివర వాల్వు కట్టేస్తారు. వాల్వు తిప్పే ఇనుప రాడ్డును గోతిలో దిగే మనిషి తనతోపాటే దింపుకుంటాడు. అది తన పక్కన ఉన్నంతసేపూ నీళ్లు రావని ధైర్యం. ఆ రోజూ రాడ్డు అన్న పక్కనే ఉంది. కానీ పై వీధి హోటలు నుంచి నీళ్లేవని ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. కాంట్రాక్టరు గుట్టుగా చేయించుకున్న రెండో రాడ్డు తీసి సూపర్‌వైజరు చేతిలో పెట్టాడు. "ఈపాటికి పనైపోయుంటుంది, తిప్పెయ్" అన్నాడు. ఈ సంగతి సూపర్‌వైజరే తర్వాత వెక్కి వెక్కి ఏడుస్తూ బయటపెట్టాడు. పైవాళ్లు మాత్రం వాన వల్ల జరిగిన ప్రమాదమని తేల్చి చేతులు దులుపుకున్నారు.

వదిన ఏడవలేదు. ఆ బురదలో చేతులు పెట్టి అన్నను వెతికినప్పటినుంచీ ఆమె వేళ్లకు స్పర్శ లేదు. పొయ్యి మీది గిన్నె వట్టి చేతులతో దించేది, బొబ్బ లేచాక చూసుకునేది. మనసూ అలాగే మొద్దుబారిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లని ఆమే ఓదార్చి పంపేది.

ఇంతలో కాంట్రాక్టరుకి పనివాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. హాలు మాట్లాడి, మైకు పెట్టించి, అభినందన సభ జరిపించాడు. ఎండనక వాననక జనం దాహం తీర్చే వీరులన్నాడు. గొంతు కూడా సమయానికి వణికింది. అందరికీ రెయిన్‌కోట్లు పంచి, వదినను వేదిక మీదికి పిలిచాడు.

"ఏమైనా చెప్పమ్మా" అని మైకు ఇచ్చాడు.

"ఆ రెండో రాడ్డు ఇప్పుడెక్కడుంది?" అంది వదిన.

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా" అంటూ ఆయన చప్పట్లు మొదలుపెట్టాడు. హాల్లో ఇంకెవరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు పనిముట్ల షెడ్డులో అందరూ కూర్చున్నారు.

"గొడవ పెట్టుకుంటే పని పోద్ది. పిల్లల్ని నువ్వు సాకుతావా?" అన్నాడొకడు.

"పని ఉండి ప్రాణం పోతే ఎవరు సాకుతార్రా? అన్న పిల్లని ఎవరు సాకుతున్నారు?" అని లేచాడు వాల్వు మామ. ఆ రోజు వాల్వు కట్టి రాడ్డు అన్న చేతికిచ్చింది ఆయనే. "ఈసారి ఆ గోతిలో ఉండేది నువ్వో నేనో. వాడి దగ్గర రెండోది ఉన్నంతకాలం నేను చేతికిచ్చే రాడ్డుకి విలువేముంది?"

చాలాసేపు కీచులాడుకున్నారు. చివరికి ఒకమాట మీదికి వచ్చారు. రెండో రాడ్డు తమ చేతికి వచ్చేదాకా ఎవరూ బోల్టు బిగించరు.

మళ్లీ ముసురు పట్టింది. మళ్లీ పైపు పగిలింది. పనివాళ్లు వచ్చి, వాల్వు కట్టి, గొయ్యి తవ్వి ఆగిపోయారు. వదిన రాడ్డు పట్టుకుని గోతిలో మోకాలి లోతు నీళ్లలోకి దిగి నిలబడింది.

వీధి వీధంతా బకెట్లతో మీదపడింది. "ఇంట్లో పసిబిడ్డ ఉంది. మీ పంతాలకి మేమా దొరికాం?" అని అరిచింది ఒకావిడ.

"ట్యాంకరు పంపమని పొద్దున్నే అడిగామమ్మా, పంపలేదు" అంది వదిన. ఎందుకు ఆగారో చెప్పింది. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. "నా మొగుడు ఇలాగే దిగాడు. రాడ్డు ఇలాగే పట్టుకున్నాడు."

ఆ బకెట్లావిడ చేతిలోని బకెట్లు కింద పెట్టింది.

కాంట్రాక్టరు సూపర్‌వైజర్ని వెంటేసుకుని జీపు దిగి, గొడుగు కింద వచ్చాడు. "మొన్ననే కదయ్యా అందరి ముందూ అంతగా పొగిడాను" అన్నాడు నొచ్చుకున్నట్టు.

"ఆ పొగడ్తలు హాల్లో బాగానే వినబడ్డాయి" అన్నాడు వాల్వు మామ. "గోతిలో ఉన్నోడికి రాడ్డు కావాలి."

పోలీసులు వచ్చారు. బూట్లు తడుస్తాయని ఇన్‌స్పెక్టరు కాసేపు గట్టు మీదనుంచే చట్టం చెప్పాడు. తర్వాత కానిస్టేబుళ్లని దింపి వదినను పైకి లాగించాడు. ఆమె రాడ్డు వదిలేలోపే వాల్వు మామ దిగి అందుకున్నాడు. ఆయన వెనక ఇంకొకడు, వాడి వెనక పని పోద్దని భయపడ్డవాడు. గొయ్యి మనుషులతో నిండిపోయింది. అందర్నీ ఎక్కించడానికి పోలీసు వ్యాను సరిపోదు.

బకెట్లావిడ సూపర్‌వైజరు ఎదురుగా వెళ్లి నిలబడింది. "ఆ రెండోది ఎక్కడుంది నాయనా?"

అతని కళ్లు కాంట్రాక్టరు జీపు వైపు వెళ్లాయి. ఆవిడ అటు నడిచింది. వీధంతా ఆవిడ వెనకే నడిచింది. కాంట్రాక్టరు గొడుగు అడ్డం పెట్టాడు గానీ ఎంతమందిని ఆపగలడు?

అప్పటికే వదిన ఒక్కత్తినీ ఎక్కించుకుని వ్యాను కదిలింది. ఆమెకు కిటికీలోంచి జనం వీపులు తప్ప ఏమీ కనబడలేదు. వాన చప్పుడులో ఒక్క మోత వినబడింది. ఇనుము మీద ఇనుము పడ్డ మోత. ఆ వెంటనే వాల్వు మామ గొంతు. "రెండూ ఇక్కడే ఉన్నాయి. ఇక బిగించండ్రా."

వదిన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగిపోయింది. భుజాలు కదిలిపోతున్నాయి. పక్కనున్న ఆడ కానిస్టేబులు కంగారుపడింది.

"ఏమైందమ్మా?"

"చేతులు" అంది వదిన. "చేతులు నొప్పెడుతున్నాయి."