తలుగు ఇవ్వని బేరం

నేను ఒక మోటారు సైకిల్‌ని. పాతసామాన్ల కొట్టు వెనక, రేకుల కింద, విరిగిన కూలర్ల పక్కన నిలబడి ఉన్నాను. జాలి పడబోతున్నారేమో, ఆగండి. జాలి నాకు పడదు.

నాతోపాటు కార్ఖానా నుంచి బయటికొచ్చిన బళ్ళు కొన్ని కాలేజీ గేట్ల దగ్గర షోకులు చేశాయి. నాకు దక్కింది బర్రెల కొలువు. మానకొండూరు వైపు పల్లెల్లో ఓదెలు అనే గోపాలమిత్ర ఉండేవాడు. ఎదకు వచ్చిన బర్రెలకు, ఆవులకు చూడి కట్టే సూది వేయడం అతని పని. అంతవరకూ సైకిల్ తొక్కిన మనిషికి మొదటి మోటారు బండిని నేనే. పూజ చేయించి, చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు తొక్కించబోయి, నన్ను ఎదురుగోడకు గుద్దాడు. దిష్టి అక్కడితో పోయిందని సంతోషించాడు. సొట్ట నాకు, సంతోషం తనకు! మనుషుల లెక్కలు అలాగే ఉంటాయి.

నా వెనక సీటు మీద ఎప్పుడూ చల్లటి పొగలు చిమ్మే డబ్బా ఉండేది. అందులో మేలుజాతి దున్నపోతుల, ఆబోతుల వీర్యం, గడ్డకట్టించి. బర్రె ఎదకు వచ్చిన పూట దాటితే మళ్ళీ మూడు వారాలు ఆగాల్సిందే. అందుకే "ఓదెలూ, బర్రె పొద్దటిసంది ఒర్రుతాంది, జెల్ది రా బిడ్డా!" అని పక్కూరి ముసలామె లస్మవ్వ ఫోన్ చేస్తే, అతను తింటున్న కంచంలోనే చెయ్యి కడిగేవాడు. వానలో, బురదలో, పొలం గట్ల మీద పరిగెత్తాను. పెళ్ళికొడుకు మొహం చూపించకుండా ఇన్ని సంబంధాలు కుదిర్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఈ చుట్టుపక్కల మీరు తాగే టీలో పాలు నా చలవే. గర్వమా? అవును, గర్వమే.

నన్ను స్టార్ట్ చేయడం అందరివల్లా కాదు. కాస్త ఎడమకు వంచి, చోక్ లాగి, కిక్ రాడ్‌ని ఒకసారి మెల్లగా నొక్కి అప్పుడు తన్నాలి. ఆ తన్నులే చివరికి ఓదెలు కుడి మోకాలిని అరగదీశాయి. ఇక కిక్ కొట్టొద్దని డాక్టరు చెప్పాడు.

"కాలు గావాల్నా, బండి గావాల్నా? బటన్ ఒత్తితే లేసే బండి తెచ్చుకోరాదు" అని భార్య రాజవ్వ తేల్చేసింది. ఆమెను తప్పు పట్టను. కానీ ఎవరు ఒత్తినా లేచేదాన్ని కూడా బండి అంటారా?

పాతసామాన్ల కనకయ్య వచ్చాడు. నన్ను నడుపుకుంటూ పోదామని అతని ఆశ. తన్నాడు. నేను లేవలేదు. చొక్కా తడిసిపోయేదాకా తన్నాడు.

"సచ్చిన బండే అన్నా ఇది. తూకానికే" అన్నాడు.

ఓదెలు మొహం ఎర్రబడింది. నా కుడిపక్కన నేల మీద నిలబడి, హ్యాండిల్ పట్టుకుని, బాగున్న ఎడమకాలితో ఒక్క తన్ను తన్నాడు. లేచాను. వాడంతా దద్దరిల్లేలా లేచాను. పొగంతా కనకయ్య మొహం మీదికే వదిలాను. ఓదెలు నా ట్యాంకు మీద చెయ్యి వేసి నిమిరాడు. నాకు ఏడుపొచ్చింది. అంతకు మించి కోపమొచ్చింది. ఇంత బతికున్నదాన్ని ఎట్లా పంపిస్తావయ్యా?

అతను ఇంజన్ ఆపాడు. పానా తెచ్చి కిక్ రాడ్ విప్పుకున్నాడు.

"అదేందన్నా? అది లేకుంటే ఎట్ల తోలుకపోవాలె?" అన్నాడు కనకయ్య.

"బర్రెనమ్మితే తలుగిత్తమా? గిది గూడ గంతే" అన్నాడు ఓదెలు.

మా వైపు పశువును అమ్మినవాళ్ళు దాని మెడతాడు ఇవ్వరు. తలుగు ఇంట్లో ఉంటే పాడి ఇంట్లోనే ఉంటుందని నమ్మకం. ఇనుప బండికి తలుగేమిటని కనకయ్య పడీపడీ నవ్వాడు. రాజవ్వ నవ్వలేదు. ఆ రాడ్ తీసుకుని, కొంగుతో గ్రీజు తుడిచి, పశువుల కొట్టంలో తలుగులు వేలాడే మేకుకే తగిలించింది.

నన్ను ట్రాలీ ఆటోలో ఎక్కించి ఇక్కడికి తెచ్చారు. గుర్తుంచుకోండి, నేను నడిచి రాలేదు, మోయించుకుని వచ్చాను. అప్పుడప్పుడూ ఎవరో వచ్చి అద్దమో చైనో విప్పుకుంటారు. ఇంజన్ పనిచేస్తుందేమో చూద్దామని కాలు ఎత్తుతారు. పెట్టడానికి చోటు దొరకదు. ఎత్తిన కాలు దించుకుని వెళ్ళిపోతారు.

విప్పుకోండి, కోసుకోండి, కరిగించుకోండి. నన్ను లేపడం మాత్రం మీ తరం కాదు.